వంటింటి సరుకులతో పసిపిల్లల స్పర్శ ఆటలు, రంగుల పనులు

పలకా బలపం చేతికివ్వక ముందే మన ఇళ్ళలో పళ్ళెం నిండా బియ్యం పోసి, బిడ్డ చూపుడు వేలు పట్టుకుని అందులో 'ఓం' అని దిద్దిస్తారు. బాసర సరస్వతీదేవి సన్నిధిలో జరిగినా, ఇంటి దేవుడి గదిలో జరిగినా అక్షరాభ్యాసంలో అసలు ఘట్టం అదే. వేలి కింద గింజలు పక్కకు తొలగడం, వెనకాల దారి పడడం, అడుగున పళ్ళెం చల్లగా తగలడం బిడ్డకు ఒక్కసారే అనుభవంలోకి వస్తాయి. ఫొటోలు తీయడం పూర్తికాగానే మనం ఆ పళ్ళెం ఎత్తేస్తాం. నా ఉద్దేశంలో ఆ పళ్ళెం మర్నాడు కూడా, ఆ పై వారం కూడా బిడ్డ ముందు ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే ఆటలన్నీ ఆ పళ్ళేనికి కొనసాగింపులే.

తాకడం, పిసకడం, ఒంపడం, అద్దడం వంటి పనుల కోసం బజారులో ఖరీదైన పెట్టెలు అమ్ముతున్నారు. విప్పి చూస్తే వాటిలో చాలావరకు రంగు కలిపిన పిండి, ఇసుక, కొన్ని ప్లాస్టిక్ అచ్చులు తప్ప మరేమీ ఉండవు. అవన్నీ, అంతకంటే మంచివి కూడా, మన వంటింట్లోనూ పెరట్లోనూ ఉన్నాయి. మనం తెలుసుకోవలసినది ఏ వస్తువును ఏ వయసులో ఇవ్వాలి, దాన్ని ఎలా సిద్ధం చేయాలి, ఇచ్చిన తరువాత పెద్దవారు ఎంతవరకు కలగజేసుకోవాలి అన్నదే.

ముందుగా నోటి సంగతి

ఆటను ఎంచుకునేటప్పుడు నెలలు లెక్కపెట్టడం కన్నా, బిడ్డ దొరికిన వస్తువునల్లా ఇంకా నోట్లో పెట్టుకుంటోందా అని చూడడం మేలు. ఈ అలవాటు కొందరిలో రెండేళ్ళకే తగ్గుతుంది, కొందరిలో మూడు దాటినా ఉంటుంది. బొమ్మల భద్రతను పరీక్షించేవారు సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు ఏదైనా మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డుపడవచ్చని వారి లెక్క. ఇంట్లో మనం పెద్దవారి రెండు వేళ్ళు జోడించినంత వెడల్పును కొలతగా పెట్టుకుని, అంతకన్నా చిన్నదైన గట్టి వస్తువేదీ ఆ వయసు పిల్లలకు ఇవ్వకుండా ఉంటే సరిపోతుంది. దీని ప్రకారం శనగలు, చింతగింజలు, గవ్వలు, బొత్తాలు, గోళీలు అన్నీ మూడేళ్ళ తరువాతి ఆటలే, అప్పుడైనా పెద్దవారు పక్కన ఉండగానే.

గింజలతో ఇంకొక ప్రమాదం ఉంది. పిల్లలు వాటిని ముక్కులోకో చెవిలోకో దూర్చుకుంటారు. చెవిలో గింజ పడినప్పుడు నీళ్ళు పోసి తీయాలని చూడకూడదు, ఎందుకంటే తడి తగిలిన గింజ లోపలే ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో కెలకడం కూడా ప్రమాదమే కాబట్టి నేరుగా వైద్యుని దగ్గరకు తీసుకుపోవడం ఒక్కటే మార్గం. అందంగా ఉన్నాయని గురివింద గింజలను, పెరట్లో దొరికాయని ఆముదపు గింజలను ఆటకు ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఈ రెండూ తీవ్రమైన విషపదార్థాలు ఉన్న గింజలు. గన్నేరు, ఉమ్మెత్త మొక్కల ఆకులు, పూలు, కాయలు కూడా పిల్లల చేతికి రాకూడదు. నీళ్ళు పీల్చి గాజు గోళీల్లా ఉబ్బే రంగురంగుల జెల్ గుళ్ళను కూడా నేను ఈ జాబితాలోనే చేరుస్తాను. మింగితే అవి కడుపులో ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. ఆ మెత్తదనం, ఆ జారుడు కావాలంటే నానబెట్టిన సబ్జా గింజలు ఉన్నాయి, మెత్తగా ఉడికించిన సన్న సగ్గుబియ్యం ఉంది.

నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు తినడానికి వీలైనవే ఆటవస్తువులు. వెడల్పాటి స్టీలు పళ్ళెంలో రెండు చెంచాల పెరుగు వేసి, ఒక చోట బీట్‌రూట్ రసం, ఒక చోట ఉడికించి మెత్తగా నూరిన పాలకూర కలిపి ఇస్తే ఏడాది బిడ్డ దాన్ని అరచేత్తో పులుముతుంది, నాకుతుంది, మళ్ళీ పులుముతుంది. ఉడికించి చల్లార్చిన సేమ్యాను చిక్కుతీస్తూ, లాగుతూ పావుగంట కూర్చుంటుంది. చల్లారిన రాగి జావను ఒక గిన్నెలోంచి మరొక గిన్నెలోకి చేత్తో తోడుతుంది. ఈ ఆటలు అన్నం పెట్టే వేళకు కాస్త ముందుగా, కింద పాత దుప్పటి పరచి, బిడ్డకు పాత చొక్కా తొడిగి పెట్టుకుంటే తరువాత స్నానం చేయించి అన్నం పెట్టవచ్చు. మీ బిడ్డకు పాలు, గోధుమలు, వేరుశెనగ వంటివి పడవని తెలిసి ఉంటే ఆటలో కూడా వాటిని వాడకూడదు.

పిండి ముద్ద

మూడేళ్ళ పిల్లలకు ఒకే ఒక్క ఆటవస్తువు ఇవ్వగలిగితే నేను పిండి ముద్దనే ఇస్తాను. దీన్ని పచ్చి పిండితో కలపడం తేలికే కాని, ఉడికించి చేసేదే మంచిది. పచ్చి పిండిలో రోగకారక క్రిములు ఉండవచ్చు, పిల్లలు ఎంతో కొంత నోట్లో పెట్టుకోక మానరు. పైగా వేడి తగిలినప్పుడు పిండిలోని గంజి పదార్థం నీటిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి ముద్ద నున్నగా వస్తుంది, చేతికి అంటదు.

ఒక కప్పు మైదాలో అర కప్పు మెత్తని ఉప్పు కలిపి, ఒక కప్పు నీళ్ళు, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక పెద్ద చెంచా నూనె పోసి ఉండలు లేకుండా చిలకాలి. మందపాటి మూకుడులో పోసి సన్న సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉంటే మొదట అట్ల పిండిలా ఉన్నది రెండు మూడు నిమిషాల్లో అడుగున గడ్డలు కట్టడం మొదలవుతుంది. ఇక్కడే చాలామంది పాడైందనుకుని దింపేస్తారు. దింపకుండా గరిటెతో గట్టిగా తిప్పుతూ ఉంటే ఆ గడ్డలన్నీ ఒకటై, హల్వా దగ్గరపడినట్టు మూకుడు అంచులు వదిలి, ఒకే ముద్దగా గరిటె చుట్టూ చేరుతుంది. తడి వేలితో తాకినప్పుడు అంటకపోతే దింపి, పళ్ళెంలోకి తీసి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే చపాతీ పిండిలా మర్దించాలి. రంగు కావాలంటే నీళ్ళకు బదులు మొదట్లోనే బీట్‌రూట్ రసమో, పాలకూర రసమో పోయవచ్చు. ఇంకా అంటుతుంటే పొడి పిండి చల్లాలి, విరుగుతుంటే నాలుగు చుక్కల నూనె రాయాలి.

మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఈ ముద్ద కొన్ని వారాలు నిలుస్తుంది. ఉప్పే దాన్ని బూజు పట్టకుండా కాపాడుతుంది. అదే ఉప్పు వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి ముద్దను జిగటగా చేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో ఆటకు ముందు మళ్ళీ కొద్దిగా పిండి చల్లి మర్దించుకోవాలి. బూజు కనిపించినా, పులిసిన వాసన వచ్చినా మొత్తం పారేయవలసిందే. ఇంత ఉప్పున్న ముద్దను పిల్లలు కాస్త పెద్ద మొత్తంలో మింగితే హాని జరుగుతుంది, ఇంట్లో కుక్క ఉంటే దానికి మరీ ప్రమాదం. అందువల్ల ఇంకా నోట్లో పెట్టుకునే పిల్లలకు ఉప్పు లేకుండా, చేగోడీలకు చేసినట్టే మరిగే నీళ్ళలో బియ్యప్పిండి వేసి, మూతపెట్టి మగ్గనిచ్చి, చల్లారాక నూనె చేత్తో మర్దించి ఇవ్వాలి. బియ్యప్పిండికి గోధుమ పిండిలా సాగే గుణం లేనందువల్ల ఆ ముద్ద త్వరగా విరుగుతుంది, ఆ రోజుకారోజే పారేయాలి కూడా. రెండేళ్ళ బిడ్డకు విరగడం కూడా ఆటే కాబట్టి దాన్ని లోపంగా చూడనక్కరలేదు.

ముద్దను ఇచ్చిన తరువాత ఏం చేయాలో చెప్పవలసిన పని ఉండదు. మొదటి రోజుల్లో పిల్లలు దాన్ని చిదుముతారు, పొడుస్తారు, ముక్కలు చేస్తారు. తరువాత పీట మీద అరచేత్తో పాముల్లా దొర్లిస్తారు. రెండు అరచేతుల మధ్య గుండ్రంగా ఉండ చేయడం అంతకన్నా కష్టమైన పని, అది వచ్చిన రోజు ఇంట్లో అందరికీ ఉండ్రాళ్ళు పంచిపెడతారు. అప్పుడు అప్పడాల కర్ర, దువ్వెన, టీ వడకట్టే జల్లెడ, గ్లాసు అంచు ఒక్కొక్కటిగా ఇవ్వాలి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు జంతికల గొట్టాన్ని మించిన పనిముట్టు లేదు. ఒక చేత్తో పట్టుకుని మరొక చేత్తో తిప్పడానికో నొక్కడానికో బలం చాలక రెండు చేతులూ, కొన్నిసార్లు గడ్డం కూడా ఉపయోగిస్తారు. చివరకు కిందినుంచి సన్నని తీగలు దిగుతున్నప్పుడు వారి ముఖాలు చూడవలసిందే. లక్కపిడతలు ఇంట్లో ఉంటే పిండి ముద్ద దానంతటదే గుజ్జన గూళ్ళ వంటగా మారిపోతుంది. గారెలు, కుడుములు, ఆవకాయ అన్నం అన్నీ ఆ ముద్దతోనే తయారవుతాయి.

చేసిన బొమ్మలను దాచుకోవాలని పిల్లలు అడిగితే అందుకు వేరే ముద్ద కావాలి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, సుమారు ఒక కప్పు నీళ్ళు పొయ్యి మీద పెట్టకుండా గట్టిగా కలిపి, అరంగుళం మందం మించకుండా బొమ్మలు చేయించి ఎండలో పెట్టాలి. మన వేసవి ఎండలకు రెండు మూడు రోజుల్లో, రోజుకొకసారి తిరగేస్తూ ఉంటే, అవి రాయిలా గట్టిపడతాయి. ఇది పచ్చి పిండి, ఉప్పు కూడా ఎక్కువ కాబట్టి నాలుగేళ్ళు దాటినవారికే, చేతులు కడిగించే షరతు మీద ఇవ్వాలి.

బియ్యం, ఇసుక, నీళ్ళు

బియ్యానికి రకరకాల కృత్రిమ రంగులు అద్ది తొట్టెల్లో పోసి ఆడించడం ఇప్పుడు చాలామంది చూపిస్తున్నారు. తినే బియ్యాన్ని రంగులో ముంచి చివరకు చెత్తబుట్టలో పోయడం నాకు మనసొప్పదు, పిల్లలకు కూడా అన్నం విషయంలో అలాంటి పాఠం చెప్పనక్కరలేదు. నూకలు, పురుగు పట్టిన బియ్యం, పాతబడిన జొన్నలు రంగు వేయకుండా ఎండబెట్టి, జల్లించి ఒక డబ్బాలో ఆటకు కేటాయిస్తే ఏడాదంతా వస్తాయి. ఆట ముగిసిన గింజలు పిచ్చుకలకో కోళ్ళకో వేయవచ్చు. పళ్ళెం అడుగున ముదురు రంగు కాగితం పరిస్తే బిడ్డ వేలితో గీసిన గీత గింజల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది.

ఇసుక మరింత మంచిది. ఇంటి పనికి తెచ్చిన ఇసుకను అలాగే ఇవ్వకుండా జల్లించి, రెండు మూడు నీళ్ళలో కడిగి, ఎండబెట్టి తొట్టెలో పోయాలి. పిల్లులు, కుక్కలు పాడుచేయకుండా రాత్రి మూత పెట్టాలి. పొడి ఇసుకను పిల్లలు ఒంపుతారు, తడి ఇసుకతో కడతారు. తడి ఇసుకను పాదం మీద గుట్టగా పోసి, అరచేత్తో తట్టి తట్టి గట్టిపరచి, ఊపిరి బిగబట్టి పాదాన్ని నెమ్మదిగా వెనక్కు లాగితే నిలిచే పిచ్చుక గూడు మనమందరం కట్టినదే. ఎంత తడి ఉంటే గూడు నిలుస్తుందో, ఎంత ఎక్కువైతే కూలుతుందో నాలుగైదు సార్లు కూలిన తరువాత బిడ్డకే తెలుస్తుంది.

కొలిచే ఆటకు అమ్మమ్మల ఇళ్ళలో మూలనపడి ఉన్న సోల, గిద్దె, తవ్వ బయటకు తీయవలసినవి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్కను నోటితో చెప్పకుండా ఇసుకతోనో నూకలతోనో నింపి ఒంపనిస్తే, గిద్దె నాలుగుసార్లు పోసేసరికి సోల అంచుదాకా నిండడం ఐదేళ్ళ పిల్లలు కళ్ళారా చూస్తారు. మళ్ళీ ఒంపి, మళ్ళీ నింపి, నిజమేనా అని సరిచూసుకుంటారు. చేట, జల్లెడ, గరాటు కూడా ఇక్కడే పనికివస్తాయి.

నీళ్ళ ఆటలో ఒక్క నియమాన్ని ఎప్పుడూ సడలించకూడదు. పసిపిల్లలు మునిగిపోవడానికి బకెట్లో కొద్ది అంగుళాల నీళ్ళు చాలు, ఆ సమయంలో శబ్దం కూడా రాదు. ఫోను మోగినా, పొయ్యి మీద పాలు పొంగినా బిడ్డను చంకనెత్తుకునే లేవాలి, ఆట అయిన వెంటనే తొట్టిని బోర్లించాలి.

పొడికీ నీటికీ మధ్య ఉండే ఒక వింత పదార్థం కార్న్ ఫ్లోరుతో తయారవుతుంది. సూపుల్లో వేసే తెల్లని, మెత్తని పిండినే తీసుకోవాలి. పసుపుపచ్చగా, కాస్త బరకగా ఉండే మొక్కజొన్న పిండితో ఇది రాదు. అమెరికాలో ఉన్నవారు దుకాణంలో కార్న్ స్టార్చ్ అని అడగాలి. రెండు కప్పుల పిండికి ఒక కప్పు నీళ్ళు పోసి కలిపితే, వేలు నెమ్మదిగా ముంచినప్పుడు పాలలా దారి ఇస్తుంది, పిడికిలితో గుద్దినప్పుడు రాయిలా ఆపుతుంది. ముద్దగా పట్టుకుని పిసుకుతున్నంతసేపు గట్టిగా ఉండి, పట్టు వదలగానే వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. హఠాత్తుగా నొక్కినప్పుడు పిండి రేణువుల మధ్యనుంచి నీరు తప్పుకునే వ్యవధి లేక అవి ఒకదానికొకటి బిగుసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. మా ఇంట్లో దీనికి పిల్లలు పెట్టిన పేరు 'మొండి పాలు'. ఆట తరువాత దీన్ని సింకులో పోస్తే గొట్టంలో పేరుకుని పూడుకుపోతుంది కాబట్టి పళ్ళెంలోనే ఎండనిచ్చి, పొడిని చెత్తలో వేయాలి.

రంగులు

వేళ్ళతో వేసే రంగుకు చిక్కని గంజే ఆధారం. వార్చిన గంజి దొరకని ఇళ్ళలో రెండు పెద్ద చెంచాల మైదానో కార్న్ ఫ్లోరునో ముందు కాసిని చన్నీళ్ళలో కలిపి, ఒక కప్పు మరిగే నీళ్ళలో పోసి, మెరుపు వచ్చేదాకా ఉడికించి చల్లార్చాలి. చల్లారాక పెరుగంత చిక్కగా ఉండాలి. దాన్ని నాలుగు గిన్నెల్లోకి పంచి, ఒకదానిలో పసుపు, ఒకదానిలో బీట్‌రూట్ రసం, ఒకదానిలో పాలకూర రసం, ఒకదానిలో చిక్కని కాఫీ డికాక్షనో, మెత్తగా జల్లించిన ఎర్రమట్టో కలిపితే రంగుల పెట్టె సిద్ధమవుతుంది. ఈ రంగులు బజారు రంగులంత మెరవవు, కొద్ది వారాల్లో వెలిసిపోతాయి కూడా. ఈ సంగతి ముందే పిల్లలకు చెప్పి, ఇష్టమైన బొమ్మను ఫొటో తీసి ఉంచడం మంచిది. రెండు రోజులకు మించి ఈ గంజి నిలవదు.

వంటింట్లో ఉన్నదల్లా క్షేమమని అనుకోకూడదు. పసుపు పొడికి మెరుపు కోసం సీసం గల లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీలు పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి పసుపు కొమ్ములు కొని ఇంట్లో కొట్టుకున్నదో, నమ్మకంగా ఆడించుకున్నదో వాడాలి. సీసం పిల్లల మెదడుకు హాని చేసే లోహం. బజారు సిందూరంలోనూ సీసం ఉండవచ్చు. కుంకుమ, హోలీ రంగులు, బట్టల అద్దకపు రంగులు పిల్లల ఆటలోకి రాకూడదు. సీసాలో అమ్మే వంట రంగు వాడదలిస్తే దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన లైసెన్సు సంఖ్య ఉన్నదే కొని, చుక్కలతోనే సరిపెట్టాలి. బొమ్మలకు కూడా చెట్టు రంగులు పూసే పద్ధతి మనకు ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలకు ఆకులు, గింజలు, వేళ్ళ నుంచి తీసిన రంగులు వాడుతున్నారు, 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఈ రంగుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని పసుపుతో చేసేది. ఒక చెంచా పసుపును కొద్ది నీళ్ళలో కలిపి తెల్ల కాగితమంతా పూసి, నీడలో ఆరనివ్వాలి. వేరే గిన్నెలో అర గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వంట సోడా కలిపి, పుల్లకు దూది చుట్టి ఇచ్చి, ఆ నీళ్ళతో పసుపు కాగితం మీద బొమ్మ వేయమనాలి. నీళ్ళు తెల్లగానే ఉంటాయి, గీత మాత్రం ఇటుక ఎరుపులో పడుతుంది. పిల్లలు దూదిని తిప్పి చూస్తారు, గిన్నెలోకి చూస్తారు, ఆ ఎరుపు ఎక్కడినుంచి వచ్చిందో అర్థంకాక మళ్ళీ గీస్తారు. అప్పుడు నిమ్మ చెక్కను ఆ గీత మీద రుద్దమంటే తిరిగి పసుపురంగు వచ్చేస్తుంది. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే పచ్చబడుతుంది. పారాణి ఎర్రగా ఉండడానికి కారణం పసుపులో కలిపే సున్నమే. అయితే సున్నం కంటిలో పడితే చాలా ప్రమాదం, అందుకే పిల్లల పనిలో సోడాతోనే ఆగాలి.

నీలి శంఖుపూలు పది పదిహేను కోసి, రేకులను గ్లాసెడు వేడి నీళ్ళలో వేస్తే కొద్ది నిమిషాల్లో ముదురు నీలం దిగుతుంది. చల్లారాక మూడు గిన్నెల్లో పోసి, ఒకదానిలో నిమ్మరసం పిండితే ఊదా, ఇంకా పిండితే గులాబీ రంగు వస్తుంది, మరొకదానిలో సోడా చిటికెడు వేస్తే పచ్చదనం తిరుగుతుంది. ఒక్క పువ్వుతో మూడు నాలుగు రంగులు చేతికొస్తాయి. మందార రేకులతో కూడా ఇలాగే చేసి చూడవచ్చు.

పసుపు మరకల గురించి భయపడి చాలామంది తల్లులు ఈ పని మానుకుంటారు. బట్టకు సబ్బు తగలగానే మరక ఎర్రబడి మరింత భయపెడుతుంది, అది కూడా పైన చెప్పిన క్షారం పనే. ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో ఆ మరక వెలిసిపోతుంది, ఎందుకంటే కర్కుమిన్ ఎండకు నిలవదు. గోడకు అంటిన పసుపుకు మాత్రం ఎండ దొరకదు కాబట్టి ఆటను వరండాలోనో డాబా మీదనో పెట్టుకోవడమే మంచిదని నేను మా ముందుగది గోడ ద్వారా నేర్చుకున్నాను.

కూరగాయల అచ్చులు

కూరకు పనికిరాని ముదురు బెండకాయలే అచ్చుకు బాగుంటాయి, లేతవి నొక్కగానే నలిగిపోతాయి. తొడిమ వైపు రెండంగుళాలు ఉంచి అడ్డంగా కోస్తే ఐదు గదుల పువ్వు కనిపిస్తుంది. కోసిన వెంటనే అద్దితే జిగురు వల్ల రంగు జారి అచ్చు పులుముకుపోతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి, పాత గుడ్డతో మొహం తుడిచి, లోపలి గింజలు పుల్లతో తీసేస్తే గీతలు తేటగా పడతాయి. రంగును గిన్నెలో ఇవ్వకుండా, పళ్ళెంలో నాలుగు మడతల గుడ్డో పల్చని స్పాంజో పరచి దాని మీద చిక్కని రంగు పోయాలి. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చేసేవారు కూడా చెక్క అచ్చును ఇలాంటి రంగు మెత్త మీద ఒత్తే గుడ్డ మీద వేస్తారు. కాగితం కింద ఒక దుప్పటి మడత పెడితే చిన్నచేతి బలానికే అచ్చు నిండుగా దిగుతుంది.

బెండ తరువాత ఉల్లిపాయ సగం, క్యాబేజీ సగం, కాకరకాయ, అరటి దూట ముక్క వరుసగా ప్రయత్నించవచ్చు. పాలకూర కట్ట మొదలు కోసిపారేసే ముక్కను అద్దితే విచ్చుకున్న గులాబీలా పడుతుంది, నాకు ఇది అన్నిటికన్నా అందమైన అచ్చు. కోయడం ఎప్పుడూ పెద్దవారే చేయాలి. పాత చీర ముక్క మీద అద్దితే బొమ్మలకు దుప్పటి అవుతుంది.

బంకమట్టి

వినాయక చవితికి ప్రతిమ చేయగా మిగిలిన బంకమట్టిని పారేయకుండా తడిగుడ్డ చుట్టి కవరులో ఉంచితే నెలల తరబడి ఆటకు వస్తుంది. కొత్తగా తెచ్చుకోవాలంటే ఊళ్ళో కుమ్మరిని అడిగితే సిద్ధమైన మట్టే ఇస్తారు. చెరువు మట్టి అయితే ఎండబెట్టి, పొడిచేసి, నీళ్ళలో ఒక రోజు నానబెట్టి, జల్లెడలో పోసి రాళ్ళు, వేళ్ళు తీసేయాలి. అడుగున పేరుకున్న మట్టిని గుడ్డ మీద పరచి నీరు ఆరనిచ్చి, చేతికి అంటని దశలో బాగా మర్దించాలి. మురుగు చేరే చోట, పశువులు తిరిగే చోట మట్టి తీసుకోకూడదు, చేతికి పుండ్లు ఉన్న రోజు ఈ ఆట వద్దు.

పిండి ముద్ద చేతికి లొంగుతుంది, మట్టి ఎదురు తిరుగుతుంది. దాన్ని పిసకడానికి భుజం దాకా బలం కావాలి. బొమ్మ చేసి ఎండలో పెడితే పైపొర ముందే ఆరి పగుళ్ళిస్తుంది కాబట్టి నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. ఏనుగుకు తొండం విడిగా చేసి అతికిస్తే ఆరాక ఊడిపోతుంది. రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పల్చని మట్టి నీళ్ళు రాసి అతికించడం ఐదేళ్ళ పిల్లలకు నేర్పవచ్చు.

ముగ్గు, గరుకు అక్షరాలు

బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చిటికెడు వస్తువు పట్టుకోవడం బిడ్డకు ఏడాది లోపే వస్తుంది, కాని ఆ పట్టును కావలసినంతే వదలడం చాలా కాలం పడుతుంది. ముగ్గు వేయడం అదే పని. బజారు ముగ్గు రాతిపొడి, పీలిస్తే మంచిది కాదు. కాస్త బరకగా ఆడించిన బియ్యప్పిండి ఇస్తే చీమలకు కూడా పనికొస్తుంది. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు మీరు పెట్టి, చుక్క నుంచి చుక్కకు పిండి ధార వేయమనండి. మొదట గుట్టలు గుట్టలుగా పడుతుంది. కొన్నాళ్ళకు ధార సన్నబడడం మీకే కనిపిస్తుంది, కొన్నేళ్ళ తరువాత పెన్సిలు పట్టే వేళ్ళు అవే.

1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో పిల్లలు గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడుముతారు. మనం అట్టముక్కల మీద మైదా బంకతో పెద్ద అక్షరం రాసి, దాని మీద బొంబాయి రవ్వ చల్లి, ఆరాక దులిపితే అదే తయారవుతుంది. సున్నాతో మొదలుపెట్టి, ర, ఠ, గ, ల వంటి తేలికైన అక్షరాలు ముందు చేయాలి, అకారాది క్రమం ఇప్పుడే అక్కరలేదు. వేలు ఎక్కడ మొదలవ్వాలో చుక్క పెట్టి చూపించాలి. కళ్ళు మూసుకుని తడిమి ఏ అక్షరమో చెప్పే ఆటను ఐదేళ్ళ పిల్లలు ఎంతసేపైనా ఆడతారు.

పక్కన కూర్చున్నప్పుడు

సామాను సర్ది ఇచ్చిన తరువాత పెద్దవారి పని పక్కన కూర్చోవడమే. 'ఏం బొమ్మ వేశావు?' అని వెంటనే అడిగితే ఏమీ వేయని బిడ్డ ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది. బదులుగా చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడితే మాటలు వస్తాయి. జిగట, బరక, నున్నన, గరుకు, మెత్తన, చిక్కన, పలచన, జారుడు, తేమ, పొడిపొడి, ఇన్ని మాటలు తెలుగులో ఉన్నాయి, చేయి ఆ వస్తువులో ఉండగా విన్న మాట బిడ్డకు గుర్తుంటుంది. బొమ్మను మన చేత్తో సరిదిద్దకూడదు. చెట్టు నీలంగా ఉంటే ఉండనివ్వాలి. ఒకసారికి ఒకటే ఆట పెట్టాలి, పది నిమిషాల్లో లేచిపోతే పోనివ్వాలి, చివరన గుడ్డ చేతికిచ్చి పళ్ళెం తుడిచే పని కూడా బిడ్డకే ఇవ్వాలి.

కొందరు పిల్లలు జిగటను తాకరు. వేలికి గంజి అంటగానే ఏడుస్తారు, చెయ్యి కడగమంటారు. వారి చేయి పట్టి గిన్నెలో ముంచడం వల్ల భయం పెరుగుతుంది. ముందు చెంచా ఇచ్చి కలపమనాలి, తరువాత బ్రష్షు, ఆ తరువాత పొడి వస్తువులు. మరొక ఉపాయం, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో రెండు రంగుల గంజి పోసి, గాలి తీసి, అంచుకు టేపు అంటించి, బల్లకు అతికించి ఇవ్వడం. బయటినుంచి వేలితో నొక్కితే లోపల రంగులు కలుస్తాయి, చేతికి ఏమీ అంటదు. బిడ్డ అలా కొన్ని వారాలు ఆడవచ్చు, కొన్ని నెలలు కూడా ఆడవచ్చు. తాకడం మీద ఆ విముఖత అన్నం తినడానికి, బట్టలు వేసుకోవడానికి, తల దువ్వించుకోవడానికి కూడా అడ్డువచ్చేంతగా ఉంటే పిల్లల వైద్యునితో మాట్లాడాలి. అలా కానప్పుడు కవరును బల్ల మీద ఉంచి, పక్కనే మీరు ఒక గిన్నెలో వేళ్ళు ముంచి మీ బొమ్మ మీరు వేసుకుంటూ ఉండండి.